బ్రేకు లివరుకు కట్టిన ముడి

దయ్యాల మాటెత్తితే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. నల్గొండలో పదిహేనేళ్లకు పైగా బండ్ల షెడ్డు నడుపుతున్నాను. కొత్త బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకుని వచ్చేవాళ్లను "గా నిమ్మకాయ సంగతి తర్వాత, ముందుగాల బ్రేకులు చూసుకో" అని కసిరేవాణ్ణి. మలుపు దగ్గర ఎవరో తెల్లచీర కట్టుకుని అడ్డమొచ్చిందని చెప్పినవాడి బండి విప్పి చూస్తే, ప్యాడ్లు అరిగి ఇనుము తేలి ఉండేది. నా లెక్కలో ప్రతి దయ్యం వెనకా పాడైపోయిన పార్టు ఒకటి ఉంటుంది.

ఇప్పుడు చెప్పేదాంట్లోనూ పాడైన పార్టు ఉంది. దాన్ని పాడుచేసింది నేనే. మిగతాదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సైలుది చిట్యాల దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇంట పుట్టి, నల్గొండలో ఒక ప్రైవేటు బడిలో ఆటల సారుగా చేరాడు. వాళ్ల ఊరి వెనక పెద్ద గుట్ట ఉంది. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగిన ఆ రాళ్ల బాటలోనే పెద్దయ్యాక సైకిలు మీద దిగడం మొదలుపెట్టాడు. మామూలు సైకిలు కాదు. ముందూ వెనకా షాకబ్జార్లు, లావు టైర్లు, రెండు చక్రాలకూ ఆయిలుతో పనిచేసే డిస్కు బ్రేకులు. హైదరాబాద్‌లో ఎవరో వాడినవి రెండు తెచ్చి, ఒకటి చెల్లెలు సుజాతకు ఇచ్చాడు. ఆమె నల్గొండలోనే ఒక దవాఖానలో నర్సు. సెలవు దొరికిన ఆదివారాలు ఇద్దరూ సైకిళ్లు భుజానికెత్తుకుని గుట్ట ఎక్కేవాళ్లు, హెల్మెట్లు బిగించి కిందికి దిగేవాళ్లు.

ఆ బ్రేకుల గురించి కొంచెం చెప్పాలి. లివరు నొక్కితే సన్నటి పైపులోని ఆయిలు ఒత్తిడికి చిన్న పిస్టన్లు ముందుకొచ్చి, ప్యాడ్లతో డిస్కును పట్టుకుంటాయి. ఆయిలు కారకుండా పిస్టన్ల చుట్టూ రబ్బరు సీళ్లు ఉంటాయి. పైపులో గాలి చేరితే లివరు మెత్తబడుతుంది. అందుకని ఆయిలు మార్చిన రోజు సైలు లివరును గట్టిగా నొక్కి, పాత ట్యూబులోంచి కోసిన పట్టీతో హ్యాండిలుకు కట్టేసి తెల్లారేదాకా ఉంచేవాడు. మిగిలిన గాలి పైకి పోతుంది. ఎక్కడన్నా కారుతుంటే పొద్దునకల్లా కింద చుక్క కనబడుతుంది.

వాడు వేసేది గొర్రెపిల్లను గుంజకు కట్టే ముడి. ఎంత పెనుగులాడినా బిగుస్తుంది, కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడుతుంది. వాళ్ల బాపు నేర్పాడట. "నీకు పనిలేదురా" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నేనెప్పుడూ అట్లా కట్టలేదు.

ఒకసారి వాడి వెనక ట్యూబుకు పంచరు వేశాను. తొందరలో ప్యాచ్ మూల వంకరగా తెగింది. సైలు దాన్ని చూసి తెగ నవ్వాడు. "గిదేం ప్యాచన్నా, మా గొర్రె చెవి లెక్కుంది" అన్నాడు. వాళ్ల మందలో ప్రతి గొర్రెకూ ఎడమచెవి మూల కోసి గుర్తు పెడతారు. అచ్చం అట్లాగే ఉంది ప్యాచ్. అందుకే నాకు బాగా గుర్తుంది.

ఎండాకాలం చివర్లో రెండు సైకిళ్లూ సర్వీసుకు తెచ్చాడు.

"చిన్న సీసల ఆయిలు అయిపోయిందన్నా. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె."

"బ్రేకాయిలంటే బ్రేకాయిలేరా. షెడ్డు నిండ ఉంటే హైదరాబాదెందుకు?"

"గది మోటారు బండ్లది గదా. దీనిది వేరేనేమో."

నాకు కోపమొచ్చింది. "నిన్నగాక మొన్న సైకిలు కొన్నోడివి, నాకు నేర్పుతున్నవా?"

"నువ్వంటే సరే అన్నా" అన్నాడు సైలు.

రెండింట్లోనూ మోటారు సైకిలు బ్రేకాయిలే పోశాను. లివర్లు రాయిలాగా గట్టిగా ఉన్నాయి. చూశావా అన్నట్టు వాడి వీపు మీద చరిచాను.

మూడో ఆదివారం సుజాతకు డ్యూటీ ఉండి రాలేదు. సైలు ఒక్కడే గుట్ట దిగుతూ, సగంలో మలుపు తిరగలేక బండల మీద పడ్డాడు. గొర్రెల కాపరులు చూసి పరుగెత్తేసరికే ప్రాణం పోయింది.

గుట్ట కింద కల్లు అమ్మేచోటు ఉంది. పొద్దున్నే తాగి ఎక్కాడని ఎవడో అన్నాడు. పోలీసు కాగితాల్లో ఏముందో ఎవరూ చదవలేదు, ఊళ్లో మాత్రం ఆ మాటే నిలిచిపోయింది. వాళ్ల బాపు కొడుకు పేరెత్తడమే మానేశాడు. ఆ సైకిలు కళ్లముందు ఉండొద్దన్నాడని సుజాత తెచ్చి నా షెడ్డులో పెట్టింది. నేను దాన్ని గోడకు వేలాడదీశాను. ముందు చక్రం వంకరపోయింది. వెనక టైరులో గాలి కూడా తగ్గలేదు.

వానలు తగ్గాక సుజాత తన సైకిలు తెచ్చింది. వాళ్ల ఊరి గుట్ట మీదనే సైకిళ్ల పోటీ ఉందట. "తాగినోడు సగం దాక గూడ దిగే బాట కాదది. నేను దిగి చూపిస్త. మా అన్న మీద పడ్డ మాట పోవాలె" అంది.

బ్రేకు విప్పాను. లోపల రబ్బరు సీళ్లు నానిన శనగల్లాగా ఉబ్బి ఉన్నాయి. లివరు మూత మీద మట్టి తుడిస్తే, మినరల్ ఆయిలు మాత్రమే పోయాలని చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నేను పోసిన మోటారు బండ్ల ఆయిలు వేరే రకం, ఈ రబ్బరును తినేస్తుంది. గోడ మీది సైలు సైకిలు దించి విప్పాను. అందులో రెండు బ్రేకుల సీళ్లూ ఉబ్బి చీలిపోయి ఉన్నాయి. ఆయిలంతా అక్కడే కారిపోయింది. మలుపులో వాడి లివర్లు రెండూ ఊరికే హ్యాండిలుకు తగిలిపోయి ఉంటాయి.

షట్టరు సగం దించి చాలాసేపు నేలమీద కూర్చున్నాను.

చెప్పాలి. చెప్పలేదు. భయమేసింది, అంతే. హైదరాబాద్ నుంచి సరైన ఆయిలు తెప్పించాను. కొత్త సీళ్లు వెంటనే దొరకలేదు. ఆగమంటే ఎందుకని అడుగుతుంది. పాత సీళ్లనే తుడిచి బిగించి, కొత్త ఆయిలు పోసి, గాలి తీశాను. లివరు గట్టిగా వచ్చింది. ఎల్లుండి పొద్దున తీసుకుపొమ్మని ఫోను చేసి, దాన్నీ గోడకు వేలాడదీశాను. సిగ్గులేని పని.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి సుజాత సైకిలు లివరు హ్యాండిలుకు కట్టేసి ఉంది. నల్లటి ట్యూబు పట్టీ. నేనే పరధ్యానంలో కట్టానేమో అనుకున్నాను. ఏ కొస లాగాలో తెలియక ముడి విప్పడం చేతకాలేదు. బ్లేడుతో కోసి పారేశాను.

షెడ్డులో నేనొక్కణ్ణే పనిచేస్తాను. తాళంచెవి ఒకటే, అది నా జేబులోనే ఉంటుంది. అయినా ఎదురుగా ఉన్న మొబైలు షాపు అతన్ని అడిగాను. అతని కెమెరా నా షట్టరు వైపే ఉంటుంది. రాత్రంతా ఒక కుక్క తప్ప ఏమీ కనబడలేదు.

రెండో పొద్దున మళ్లీ కట్టి ఉంది. ఈసారి లివరు పూర్తిగా హ్యాండిలును తాకి ఉంది. చక్రం కింద నేలమీద అరచేతి వెడల్పున ఆయిలు. రాత్రంతా నొక్కి ఉంచకపోతే ఆ సీలు తెగడం బయటపడేది కాదు. పోటీ రోజు గుట్ట మీద తెగేది.

పట్టీని దగ్గరగా చూశాను. దానిమీద ప్యాచ్ ఉంది. మూల వంకరగా కోసిన ప్యాచ్.

సైలు సైకిలు వెనక టైరును బొటనవేలితో నొక్కాను. రాయిలాగా గట్టిగా ఉంది. వాల్వు నొక్కితే గాలి బుస్సుమని చాలాసేపు పోయింది. టైరు విప్పి ట్యూబు బయటికి లాగాను. రెండు చోట్ల జానెడు పొడవున పట్టీలు కోసి ఉన్నాయి. ఒకటి నేను ప్యాచ్ వేసిన చోటు.

సుజాత వచ్చేసరికి అట్లాగే ట్యూబు పట్టుకుని కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ఆమె లివరు దగ్గరికి పోయి ముడిని చూసింది. కొస పట్టి ఒక్కసారి లాగింది. ఊడిపోయింది.

"గిది మా బాపు ముడి. అన్నకు, నాకు తప్ప ఎవ్వలకు రాదు" అంది. ఆ రెండు రాత్రులూ తను దవాఖానలో డ్యూటీలో ఉన్నానంది.

ఊడిన పట్టీని నా చేతిలో పెట్టి అడిగింది. "ఎప్పటి సంది ఎరుక నీకు?"

"పదకొండు దినాలు."

"పదకొండు దినాలు" అని ఆమె కూడా అంది. తర్వాత, "బాపుకు నువ్వే చెప్పాలె" అంది.

ఆ రోజే పోయాను. ముసలాయన దొడ్డిలో గొర్రెపిల్లలను కడుతున్నాడు. నిలబడే చెప్పాను. ఆయిలు సంగతి, సీళ్ల సంగతి, నేను దాచిన సంగతి. ముడి సంగతి చెప్పలేదు, ఆ నోటితో అది కూడా చెప్పడానికి సిగ్గేసింది. ఆయన చేతిలో తాడు ఆగింది.

"అంటే మా సైలు తాగలే" అన్నాడు.

"తాగలే పెద్దయ్యా."

వంగి గొర్రెపిల్లను గుంజకు కట్టేశాడు. "ఇగ నువ్వు పో" అన్నాడు. వచ్చేశాను. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు, వాళ్లూ పిలవలేదు. పిలుస్తారని నేను అనుకోవడమూ తప్పే.

ఇది జరిగి ఏళ్లయింది. సుజాత తన సైకిలు తీసుకుపోయింది, పోటీ సంగతి నాకు తెలియదు. షెడ్డులో ఏ లివరూ మళ్లీ అట్లా కట్టి కనబడలేదు. ట్యూబు, పట్టీ నా పెట్టెలో ఉన్నాయి. టైరు గట్టిగా ఉంది, గాలి పోవడం నా చెవులతో విన్నాను, లోపల ట్యూబు రెండు చోట్ల కోసి ఉంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎట్లా కుదురుతాయో ఇన్నేళ్ల పనిలో నేర్చుకున్నదేదీ నాకు చెప్పదు. ఇప్పుడు ఏ బ్రేకు ఆయిలు మార్చినా లివరు కట్టి తెల్లారేదాకా ఆగుతాను. అట్లా ఒక్కసారి లాగితే ఊడే ముడి వేద్దామని ఎన్నోసార్లు చూశాను. నాకు రావడం లేదు. పొద్దున్నే బ్లేడుతో కోయాల్సి వస్తుంది.