పెద్దకర్మ కార్డుల పెట్టె

పెద్దకర్మ కార్డు చదవగానే చింపేస్తారు, ఇంట్లో ఉంచుకోరు. అందుకే బ్రాడీపేటలో జానకిరామయ్య నడిపిన ప్రెస్సులో వాటికోసం ఒక ట్రంకుపెట్టె ఉండేది. తాను అచ్చేసిన ప్రతి కార్డూ ఒకటి అందులో దాచేవాడాయన. "పెళ్లికార్డు ఎవరైనా దాచుకుంటారే రత్నం. పోయినవాళ్ల పేరు మనం దాచకపోతే ఇంకెవరు దాస్తారు?" అనేవాడు కూతురితో.

ఆ కార్డులకి అక్షరాలు కూర్చి కూర్చి కోటిరత్నం చేతివేళ్లు నల్లబడ్డాయి. మొన్న ఆమె అద్దంకిలో పెళ్లికెళ్లి వచ్చేసరికి పెట్టె లేదు. పెళ్లికార్డులు మాత్రం కొత్త అద్దాల బీరువాలో మెరుస్తున్నాయి.

"అవి ఉండబట్టే బేరాలు రావట్లేదని వాస్తు ఆయన చెప్పాడక్కా. తగలబెట్టించా," అన్నాడు తమ్ముడు భావనారాయణ, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నీ మొహం మండ! అందులో నాన్న కార్డు కూడా ఉందిరా!"

"ఆయన ఫొటో గోడమీద ఉందిగా."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా వెనకగదిలోకి వెళ్లి, దుమ్ముపట్టిన సీసం అక్షరాలు ఏరి కూర్చి, పాత ట్రెడిల్ అచ్చుమిషన్ మీద ఒక్క కార్డు అచ్చుతీసింది. తడి ఆరకుండానే తెచ్చి తమ్ముడి బల్లమీద కొట్టింది.

"జానకిరామయ్య గారు దాచిన పేర్లన్నీ ఆయన కుమారుని చేతిలో రెండవసారి దహనమైనందున, వాటి పెద్దకర్మ ఈ షాపులోనే జరుగును. ఇట్లు, కోటిరత్నం."

చదివిన భావనారాయణ మొహం మాడ్చుకుని కార్డు చింపబోయాడు.

"చింపరా," అంది కోటిరత్నం. "ఇంకోటి అచ్చేస్తా. కూర్చిన అక్షరాలు ఇంకా విప్పలేదు."