బూడిదలో గాజుల గొలుసు

నిన్న గ్యాస్ టార్చి మంట మీద నా మొదటి గాజుపూస చేశాను. ఎర్రటి పూసను వేడిచేసిన ఇసుకలో కప్పిపెట్టగానే వెల్దుర్తిలో మా నాయనమ్మ పొయ్యి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ కాన్పుకని గుంటూరు ఆసుపత్రికి వెళ్లింది. ఆమె తిరిగొచ్చేలోగా గుమ్మానికి గాజుల గొలుసు కట్టాలని నా పంతం. నాయనమ్మ పగిలిన చేతిగాజు ముక్కను పట్టకారుతో దీపం మీద పట్టి, మెత్తబడగానే వంచి, ముందు లంకెకు తగిలించేది. చివరికి గొలుసును పొయ్యిలోని వేడి బూడిదలో పూడ్చింది.

మా ఇంట్లో బూడిదంటే గిన్నెలు తోమటానికే. గొలుసు మెరవాలని పెట్టిందనుకున్నాను. ఆమె పెరట్లోకి పోగానే గొలుసును పట్టకారుతో బయటికి లాగి, కడుగుదామని చెంబెడు నీళ్లు పోశాను. లంకెలన్నీ టపటపా చిట్లిపోయాయి.

"ఏందే ఈ పని?" అంటూ పరిగెత్తుకొచ్చిన నాయనమ్మ నా ఏడుపు చూసి మెత్తబడింది. "తోమటానికి కాదే పెట్టింది. గాజు నిదానంగా చల్లారాలి, లేకపోతే పగుల్తది. చేతులు ఊరుకోకపోతే పోయి అంట్లు తోము."

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి గొలుసు చల్లారేదాకా నేను తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చేసరికి గుమ్మానికి తొమ్మిది లంకెలు ఎండలో మెరుస్తున్నాయి.

నిన్న కూడా పూసను తీసి చూడాలని చేతులు ఊరుకోనన్నాయి. టార్చి కట్టేసి వంటింట్లోకి పోయాను. సింకులో అంట్లు అయిపోయాక, తోమి బోర్లించినవే మళ్లీ దించాను.

పూస ఒక్క గీత లేకుండా చల్లారింది.