అత్త కంట్లో పడ్డ గుల్ల ఉంగరం

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో మనిషిని మనిషి అనుమానించడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. అందరం ఎక్కడినుంచో వచ్చి ఓడ దిగినవాళ్ళమే. సొంత ఊరు వదిలి ఇంత సముద్రం దాటి వీడెందుకొచ్చాడబ్బా అని పక్కింటాయన్ని చూసి మనం అనుకుంటాం, మనల్ని చూసి ఆయనా అదే అనుకుంటాడు. అలా ఒకరినొకరు ఓ కంట కనిపెట్టుకుంటూనే పెళ్ళిళ్ళకు పిలుచుకున్నాం, పురుళ్ళకు సాయం వెళ్ళాం, వానాకాలం ఓడ ఆలస్యమైతే బియ్యం బదులిచ్చుకున్నాం. ఇప్పటి పిల్లలకు ఎవరిమీదా అనుమానం లేదు. పక్కింట్లో ఎవరున్నారో తెలిస్తే కదా అనుమానించడానికి!

ఈ విద్యలో మా షాదీపూర్ మొత్తానికి మా మేనత్తను మించినవాళ్ళు లేరు. శ్రీకాకుళం తీరం నుంచి మా నాన్నతోపాటే వచ్చింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అత్తే. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని "మచ్ఛీ! తాజా మచ్ఛీ!" అంటూ డెలానీపూర్ క్వార్టర్లన్నీ తిరిగేది. మొప్ప ఎత్తి చూడకుండా చేపను కొనేది కాదు, మనుషుల విషయంలోనూ అంతే. నాన్న ఫీనిక్స్ బే నుంచి ద్వీపాల మధ్య తిరిగే బోటు మీద సరంగు. ఏం అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "బోటు నడపడం నా పని, ఇల్లు నడపడం మా అప్ప పని." (అక్కను మావాళ్ళు అప్ప అంటారు.) కాబట్టి నేను విశాఖపట్నం వెళ్ళి టీచర్ ట్రైనింగ్ చేసి మా తెలుగు బడిలో పంతులమ్మను కావాలంటే, నన్ను ఓడెక్కించాల్సింది నాన్నే అయినా, ఎక్కనివ్వాల్సింది మాత్రం అత్త. డిగ్రీ ఆఖరి ఏడాది అంతా నేను అత్త చెప్పిన ప్రతి మాటకూ తలూపుతూ బతికాను. అంతా సవ్యంగా సాగుతుండగా మా మధ్యలోకి అమెరికా దిగింది.

కాలేజీ పెట్టిన కొత్త. మా పట్టాలు ఎక్కడో మెయిన్‌ల్యాండ్‌లోని యూనివర్సిటీ నుంచి ఓడలో రావాలి, అది ఎప్పుడొస్తుందో సముద్రం దయ. ఉత్సవం లేదు, గౌను లేదు, టోపీ లేదు. మాకు ఇంగ్లీషు చెప్పే సారు ఒకాయన అమెరికాలో ఓ ఏడాది ఉండి వచ్చాడు (అందుకే అమెరికా సారు). ఆయనకు ఇది భరించరానిదిగా ఉండేది. అక్కడి కాలేజీల్లో పట్టా పుచ్చుకునేవాళ్ళు గుర్తుగా చెట్టు నాటుతారట, టోపీలు ఆకాశంలోకి ఎగరేస్తారట, కాలేజీకి ఓ బెంచీ బహుమతిగా ఇచ్చి పోతారట. చెట్లకు మా ఊళ్ళో కరువు లేదు, టోపీ ఎగరేస్తే గాలికి సముద్రంలో తేలుతుంది. చివరికి తేలింది ఉంగరం. తరగతి మొత్తానికి ఒకే రకం ఉంగరం. దాని మీది ముద్ర పట్టా వచ్చేదాకా మనవైపు తిరిగి ఉండాలి, ఆ రోజున అందరూ ఒకేసారి లోకం వైపు తిప్పుకోవాలి. మధ్యలో తీస్తే ఫెయిలవుతారని అక్కడో నమ్మకమట. అమెరికా వాళ్ళు దాన్ని ఎంత నమ్ముతారో తెలియదు గానీ మేం మాత్రం నిండుగా నమ్మాం.

బంగారం ఎవరిస్తారు? సముద్రం అడుగు నుంచి తీసిన పెద్ద గుల్లలను కోసి బొత్తాలు చేసే కార్ఖానా ఒకటి ఉండేది. మా తరగతి కుర్రాడి మావయ్య అక్కడ పనిచేసేవాడు. కోయగా మిగిలిన ముక్కలతో, ముత్యంలా మెరిసే ఉంగరాలు చేసి, వాటి మీద చిన్న పడవ బొమ్మ చెక్కి ఇచ్చాడు. నాది తొడుక్కుని, పడవను అరచేతి వైపు తిప్పుకుని ఇంటికి వెళ్ళాను. అన్నం కలిపేటప్పటికల్లా అత్త కంట్లో పడింది.

"ఏటే అది వేలికి?"

"ఉంగరం అత్తా."

"కళ్ళున్నాయి నాకు. ఎవులెట్టినారు?"

"కాలేజీ పెట్టింది."

"కాలేజీకి సేతులుంటాయేటే? మరి బొమ్మ లోపలికెందుకున్నాది? ఎవులికీ కనపడకుండా దాసుకోడానికేనా?"

అమెరికా సంగతంతా చెప్పాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. అత్త ఓపిగ్గా విని, "అచ్ఛా. అయితే ఒక్కపాలి తియ్యి, సూద్దాం" అంది.

"తియ్యకూడదత్తా. తీస్తే ఫెయిలవుతాను."

"తీస్తే సెడ్డని తాళిబొట్టుకి సెప్తారు గానీ ఉంగరాలకి సెప్పగా నాను ఇన్నేదు" అని గిన్నె పక్కకు జరిపి నాన్నవైపు తిరిగింది. "ఒరే తమ్ముడూ, ఈ గుంటని ఓడెక్కించకు. ఒక్కర్తినే ఎక్కించినానని నువ్వనుకుంటావు. అక్కడ దిగేది ఇద్దరు."

నాన్న చేప ముల్లు తీసుకుంటూ, "అప్ప ఎలాగంటే అలాగే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా విశాఖపట్నం మునిగిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. డెలానీపూర్‌లో ఒక నర్సమ్మగారు ఉండేది. గుంటూరు వైపు క్రైస్తవులు, పెద్దమనుషులు. వాళ్ళబ్బాయి నా తరగతే. ఆదివారం తెలుగు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు కాబట్టి కాలేజీలో అతని పేరు హార్మోనియం. నాకూ అతనికీ పరిచయం అంటే, వరసగా మూడేళ్ళు ఒకే గదిలో కూర్చోవడం, అంతే. మర్నాడు పొద్దున్న చేపలు పట్టుకోవడానికి గిన్నెతో అతను చెయ్యి చాచాడు. అత్త ఉంగరాన్ని చూసింది. తూకం వేసి, పైన ఇంకో కానాగంత చేప ఊరికే వేసింది. అత్త చేప ఊరికే ఇచ్చిందంటే డెలానీపూర్‌లో ఎవరికైనా అనుమానం వస్తుంది. నర్సమ్మగారు వెంటనే గుమ్మంలోకి వచ్చింది. తరవాత జరిగిన సంభాషణ తలుపు వెనక నుంచి హార్మోనియం విన్నది విన్నట్టు నాకు చెప్పాడు.

"బాబు ఉంగరం బాగున్నాది నర్సమ్మా. ఎవులెట్టినారు?"

"నేనూ అదే అడుగుతున్నానమ్మా. కాలేజీ పెట్టిందంటాడు."

"మా గుంటా అదే అంటాది."

ఇద్దరు పిల్లలూ ఒకటే మాట చెబితే అది నిజమేమో అనుకోవచ్చు కదా? లేదు. ఇద్దరూ ఒకటే అబద్ధం చెబుతున్నారంటే ముందే కూడబలుక్కున్నారన్నమాట, అని పెద్దవాళ్ళిద్దరూ తేల్చారు.

"మా చర్చిలో పెళ్ళికి ఇలాగే జంట ఉంగరాలు మార్చుకుంటారమ్మా" అంది నర్సమ్మగారు గొంతు తగ్గించి. "అనుమానం వచ్చి పాస్టరుగారిని కూడా అడిగాను. నేనలాంటి పెళ్ళేమీ చేయలేదన్నారు."

"సెయ్యనేదనక, సేసినానంటాడేటి?" అంది అత్త.

మర్నాడు కాలేజీ వరండాలో హార్మోనియం ఇదంతా చెబుతుంటే నేను చుట్టూ ఒకసారి చూసుకున్నాను. "నువ్వు నాతో మాట్లాడకు. నావైపు చూడకు కూడా. నా ట్రైనింగ్ పోతుంది" అన్నాను. అతను అమాయకంగా, "ఇప్పటిదాకా చూశానా?" అన్నాడు. నిజమే, చూడలేదు. ఆ మాటతో నేనే మొదటిసారి అతన్ని సరిగ్గా చూశాను. వేళ్ళు పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాయి. వెంటనే చూపు తిప్పుకున్నాను, అత్త ఏ చెట్టు చాటునుంచి చూస్తోందో అని.

పరీక్షలయ్యాయి, ఫలితాలు వచ్చాయి, అందరం పాసయ్యాం (ఎవ్వరూ ఉంగరం తీయలేదు మరి). పట్టాల ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, దానికోసం ఆగకుండా ఒక సాయంత్రం వరండాలో కుర్చీలు వేయించి అమెరికా సారు మా ఉంగరాల ఉత్సవం పెట్టాడు. చివరి వరసలో చూద్దును కదా, అత్త, నర్సమ్మగారు! ఖాళీ గంప ఇద్దరి మధ్యా ఉంది. మమ్మల్నిద్దర్నీ పట్టుకోవడానికే వచ్చారు, సందేహం లేదు. సారు గొంతు సవరించుకుని, "అబ్ ఘుమావో!" అన్నాడు. మేమంతా లేచి, చేతులు ముందుకు చాచి, ఉంగరాలు తిప్పాం. పడవలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

అత్త లేచింది. వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి చెయ్యీ మొప్ప ఎత్తినట్టు ఎత్తి చూసింది. బెంగాలీ అమ్మాయి చెయ్యి, మలయాళీ కుర్రాడి చెయ్యి, రాంచీ కుర్రాడి చెయ్యి. "ఒలమ్మో, ఇంతమందికా!" అంది. ఆ గొంతులో ఊరట కన్నా నిరాశే ఎక్కువగా వినిపించింది నాకు. ఇన్నాళ్ళ పరిశోధన బూడిదలో పోసిన పన్నీరైపోతుంటే ఎవరికైనా బాధే. అయితే అత్త అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. నేరుగా సారు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్‌జీ, సబ్‌కో పహనాయా. ఆప్ కా ఉంగలీ ఖాలీ కాయ్‌కో?"

అందరికీ తొడిగి తన వేలు మాత్రం ఎందుకు ఖాళీగా ఉంచుకున్నాడని. మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. సారు తన చేతి వైపు చూసుకుని నవ్వాడు. నేనక్కడ ఏడాదే ఉన్నాను అమ్మా, డబ్బు అయిపోయి పట్టా తీసుకోకుండానే వచ్చేశాను, వాళ్ళు తిప్పుకుంటుంటే గోడ పక్కన నిలబడి చూశాను, చూసేవాళ్ళకు ఉంగరం ఇవ్వరు, అని హిందీలో చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు అత్త ఆయన గుమ్మంలో పెద్ద వంజరం ముక్క పెట్టి వచ్చింది. "మంచోడే పాపం" అంది ఇంటికొచ్చి. అంతలోనే, "కానీ నిజింగా డబ్బులేకే వొచ్చీసినాడంటావా?" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నతో, "ఎక్కించీరా. ఒకడికైతే బయం గానీ అంతమందికున్న ఉంగరానికి బయమేటి" అని తీర్పు చెప్పింది. నేను బతికిపోయాను. కానీ అనుమానం అంటువ్యాధి, ఇప్పుడు నాకు పట్టుకుంది. కేసు కొట్టేశాక కూడా అత్త రోజూ నర్సమ్మగారి ఇంటి దగ్గరే ఎందుకు గంప దించుతోంది? మంచి చేపంతా అక్కడికే ఎందుకు పోతోంది? ఆవిడ మా ఇంటికొచ్చి "వదినగారూ" అని, ఈవిడ "రా వదినా" అని, నేను రాగానే మాట ఎందుకు మారుస్తున్నారు? ఇంకా నామీద నిఘా ఉందని నాకు అర్థమైపోయింది. ప్రయాణం దాకా అటువైపు వెళ్ళడమే మానేశాను.

ఓడెక్కే రోజు జెట్టీకి నర్సమ్మగారితోపాటు హార్మోనియం కూడా వచ్చాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, "పడవ లోపలికి తిప్పీ. మెయిన్‌ల్యాండోళ్ళని నమ్మీకు" అని తనే తిప్పింది. ఓడ కదిలింది. కింద హార్మోనియం చెయ్యెత్తి ఊపాడు. నేను చూశాను. అతని పక్కనే అత్త నన్నే రెప్ప వేయకుండా చూస్తోంది. నాకు తెలియదా ఆ చూపు! చేతులు రెండూ కమ్మీకి అతికించి, సముద్రంలోకి చూస్తూ నిలబడ్డాను.

తరవాత కథ మామూలే. పంతులమ్మనయ్యాను. అతనికి కార్ నికోబార్‌లో ఉద్యోగం, అక్కడే సంసారం. నాకు మావాళ్ళు చూసిన సంబంధమే, మంచి మనిషి. (ఇది ఆయన చదువుతాడు కాబట్టి మరోసారి రాస్తున్నాను, మంచి మనిషి.) అత్త బాగా పెద్దదైపోయి మంచం పట్టాక ఓ మధ్యాహ్నం జావ తాగిస్తుంటే నా వేలు పట్టుకుని చూసింది. పడవ బొమ్మ అరిగిపోయి నున్నగా అయింది.

"ఇప్పుడైనా సచ్ సచ్ సెప్పు. ఆ అర్మోనీ గుంటడికీ నీకూ ఏటీ నేదా?"

"లేదత్తా. ఒట్టు."

అత్త నిట్టూర్చింది. "మాము ఒప్పీసుకున్నామే! వదినా వదినా అని ఊరికే పిలుసుకున్నామనుకున్నావేటి? గుడిలో ఒకపాలి, సర్చీలో ఒకపాలి అని అదీ తేల్సీసుకున్నాం. మీరే నోరిప్పుతారని సూసినాం. ఓడ కాడ వాడు సెయ్యూపినాడు. నువ్వూపితే సాలు, తమ్ముడికి ఆ రేతిరే సెప్పీద్దునే." పళ్ళులేని నోటితో, "ఏల ఊపనేదే?" అంది.

నువ్వు చూస్తున్నావనే అత్తా, అని అనలేకపోయాను. జావ గిన్నె పట్టుకుని నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు జెట్టీకి వెళితే, ఓడ మీదనుంచి ఎవరు చెయ్యూపినా నేనూ ఊపేస్తాను, వాళ్ళెవరో తెలియకపోయినా సరే. "ఎవరికి ఊపుతున్నావు?" అని మా ఆయన అనుమానంగా చూస్తాడు.