గేటు బయట పెట్టిన సంగటి

జబ్బేమీ కాదు. మధ్యాహ్నం చేటలో రాగులు చెరుగుతూ అలాగే పక్కకు ఒరిగింది. లేపబోతే చెయ్యి చల్లగా ఉంది. మా పెద్దమ్మ పోయి ఈరోజుకు పన్నెండు రోజులు. చిత్తూరులో మా వీధివాళ్లు తప్ప ఆమెను ఎరిగినవాళ్లు లేరు. అందుకే రాస్తున్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కొత్తవాళ్లతో నాకు మాట్లాడటం రాదు. అంగడికి ఇద్దరం పోయినా అడిగేది ఆమే. "మావోడికి ఆ గళ్ల లుంగీ సూపీప్పా" అనేది. బయటికొచ్చాక నెత్తిన మొట్టి, "నీ నాలుక గూడా నా నోట్లోనే పెట్టినాడేమిరా దేవుడు?" అని నవ్వేది.

పెదనాయన వంటమనిషి. చిత్తూరు మద్రాసు కింద ఉన్న రోజుల్లో, వేసవి వస్తే పెద్ద దొరలు వంటవాళ్లను కూడా ఊటీకి తీసుకుపోయేవాళ్లట. ఒక ఏడు అట్లా పోయి, గవర్నరు బంగళా వెనక వంటవాళ్ల గదిలో జ్వరంతో పోయాడు. ఉత్తరం చేరేసరికి పూడ్చిపెట్టి వారమైంది. పెద్దమ్మ ఆఖరి చూపు చూడలేదు. ఏటా ఆ రోజు రాగిసంగటి, చెనిక్కాయలు నూరి ఊరిబిండి పచ్చడి చేసి ఆకులో పెట్టేది. కొండ ఎటువైపో తెలియక వాకిట్లో నాలుగు దిక్కులా చూసేది. "ఆయన పానం పోయిన గడప కాడ ఒక్కసారి పెడితే సాలురా" అనేది.

పోయిన వేసవిలో ఆమెను ఊటీకి తీసుకెళ్లాను. క్యారియరులో సంగటి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. మేట్టుపాళయం దాకా బస్సు, అక్కడినుంచి పొగబండి. బంగళా కిందనున్న పార్కులో జనం పూల ముందు ఫోటోలు దిగుతుంటే, ఆమె పైకే చూస్తూ నడిచింది. వాలు మీద చెట్ల మధ్య బంగళా పొగగొట్టాలు కనిపించాయి. ఆయాసపడుతూ గేటు దాకా ఎక్కింది.

"నాకు అరవం రాదు. నీకొస్తాది. పోయి అడుగు నాయినా" అంది. నన్ను అడగమనడం అదే మొదటిసారి.

ఖాకీ కోటు వేసుకున్న కావలాయన చలికి చేతులు రుద్దుకుంటున్నాడు. "ఎన్నప్పా?" అన్నాడు. ఏం కావాలి అని. "మణి ఎన్న?" అన్నాను. టైమెంత అని. చెప్పాడు. తిరిగొచ్చేశాను.

"ఏమన్నాడ్రా?"

"లోపలికి ఇడవరంట పెద్దమ్మా."

ఆమె గేటు వంకే చూసింది. "పోనీలే. అడిగినావు కదా" అంది. అక్కడే గడ్డిలో ఆకు పరిచి సంగటి పెట్టి, నడిమధ్య గుంట చేసి ఊరిబిండి వేసింది. "ఇంగో, ఈడిదాకా వచ్చినా. ఈ రవ్వంత దూరం నువ్వే రా" అని బంగళాకు చెప్పింది. కాకి ముట్టాలని గంటసేపు కూర్చున్నాం. రాలేదు. "ఈ కొండ కాకులకు సంగటి తెలీదేమోరా" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆ గంటలో నేను పది సార్లు లేచి అడిగి ఉండొచ్చు. లేవలేదు. చివరికి ఆ ముద్ద నాకే తినిపించింది.

ఊరికొచ్చాక కొళాయి కాడ ఆడవాళ్లందరికీ చెప్పింది. "మావోడు గవర్నరు గేటు కాడ అరవంలో దబాయించినాడు మేయ్! వాళ్లు ఇడవకపోతే బిడ్డేం సేస్తాడు?" ఏడాదంతా అదే మాట. నిజం చెబుదామని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను. కూర్చుంటే కంచంలో ఇంకో ముద్ద వేసేది.

నిన్న కర్మంతరంలో, మా వీధిలోనే ఉండే, ఊటీకి లారీ తోలే మామ నలుగురి ముందూ అన్నాడు: "ఆ గేటాయన మంచోడబ్బా. దొరలు లేనప్పుడు అడిగితే ఎనకపక్క తిప్పి సూపిస్తాడు. మా యమ్మ ఆ వంట గదులన్నీ సూసొచ్చింది."

అందరూ నావైపు చూశారు. "వీడినేమో ఇడవలేదంట, పాపం" అని ఎవరో నా వీపు నిమిరారు. అప్పుడు కూడా అవునన్నట్టు తలూపాను.

వచ్చే నెల ఒక్కణ్ణే వెళ్తాను. ఈసారి అడుగుతాను. ఆ కావలాయన తాళం తీస్తాడు, వంటవాళ్ల గది చూపిస్తాడు. ఆ గడప ముందు నిలబడి, ఆ రోజు నేను అడగనే లేదని పెదనాయన, పెద్దమ్మ ఇద్దరిలో ముందు ఎవరికి చెప్పాలి?