బటన్ లేని పియానో

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మ. ముందుగా శృతి చూసుకోవడం ఆమెకు అలవాటు లేదు. ఆ పొద్దు గొంతు ఎక్కడ తెరుచుకుంటే అక్కడ మొదలుపెట్టేది. అందరూ ఆమె వెంట పడేవాళ్లు, కీబోర్డు వాయించే నాతో సహా. నాకు వచ్చింది ఒకే ఒక్క స్కేలు. పాట ఏ ఎత్తులో ఉన్నా నా వేళ్లు అవే మెట్ల మీద నడిచేవి. కీబోర్డు మీద ఎడమవైపు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, అది నొక్కితే శృతి దానంతటదే పైకో కిందికో జరుగుతుంది. అమ్మ మొదటి మాట పూర్తయ్యేలోపు ఆ బటన్ సరిగ్గా నొక్కడమే నా విద్య. మా చుట్టుపక్కల చర్చిల్లో వాయించేవాళ్లంతా ఇలాగే నేర్చుకున్నారు. తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే తెలిసినవాళ్లు ఉండాలి కదా.

పియానో పిచ్చి ఫోన్‌లోంచి పట్టుకుంది. ఒక వీడియోలో ఎవరో ఒక్క స్వరం నొక్కి ఊరుకున్నారు. అది మెల్లమెల్లగా సన్నబడి ఆగిపోయింది. మా కీబోర్డులో అలా జరగదు. దాన్ని నా చేతులతో వినాలనిపించింది, ఆకలి వేసినట్టు. మేనత్తతో అంటే, మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనెనా అని నవ్వింది.

సికింద్రాబాద్‌లో ఒక సంగీత పాఠశాలలో సీటుకు పరీక్ష ఉందని తెలిసి వెళ్లాను. పాడేవాళ్లను ఒకరిని తెచ్చుకొమ్మన్నారు. నాకు అమ్మ తప్ప ఎవరున్నారు? పట్టుచీర కట్టుకుని వచ్చింది. పియానో ముందు కూర్చున్నాను. అమ్మ ఎప్పటిలాగే తన ఇష్టమొచ్చిన చోట ఎత్తుకుంది. నా ఎడమచెయ్యి బటన్ కోసం వెళ్లింది. అక్కడ నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. ఆ చెక్కనే రెండుసార్లు తడిమాను. అమ్మ ఆగలేదు. చర్చిలో పాట మధ్యలో ఆపడం ఉండదు, వాయిద్యం ఉన్నా లేకపోయినా. చివరి చరణం దాకా ఒక్కతే పాడింది, నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. పరీక్ష చేసినాయన మీ అమ్మగారు చక్కగా పాడారన్నాడు. నాకు సీటు ఇవ్వలేదు.

బస్సులో పియానోనే తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అచ్చం అదే. అమ్మ మెల్లగా అంది: “ముందే జెప్తే నీ మెట్టు మీదనే ఎత్తుకుందు గద బిడ్డా.” నాకు ఆ మాట తట్టనే లేదు. అమ్మ ఎత్తుకోవాలి, నేను పట్టుకోవాలి, అంతే తెలుసు. ఆమె ఎక్కడ ఎత్తుకున్నా పట్టుకోవాలి అని ఆ బస్సులోనే మొండిపట్టు పట్టాను.

మేడ్చల్‌లో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో చేరాను. చేతులు డబ్బాలు మడిచేవి, మనసు ఎటో ఉండేది. తర్వాత శామీర్‌పేట్ దగ్గర ఒక రిసార్టులో రిసెప్షన్ పని దొరికింది. పనికోసం కాదు, హాలులో పియానో ఉందని చేరాను. పెళ్లిజంటలు దాని మీద మోచెయ్యి ఆనించి ఫొటోలు దిగడానికి పెట్టారు దాన్ని. మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నప్పుడు వాయించుకోవడానికి మేనేజర్ ఒప్పుకున్నాడు. అమ్మ పాటలన్నీ పన్నెండు స్కేళ్లలో నేర్చుకున్నాను. కొన్ని రోజులు ఏడుస్తూ నేర్చుకున్నాను. ఆ హాలులోనే ఒకాయన విని తన చిన్న సినిమాకు బాణీ అడిగాడు. మొదటిది నచ్చలేదన్నాడు, రెండోదీ నచ్చలేదన్నాడు, మూడోది ఉంచుకున్నాడు. అట్లా ఒకటి పట్టుకుని ఇంకొకటి, ఇప్పుడు సీరియళ్లకు, ప్రకటనలకు సంగీతం చేస్తూ బతుకుతున్నాను.

ఈ లోపల అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు తిరిగి రాలేదు. మాట బొంగురుగా వస్తుంది, పాట రాదు. చర్చిలో ఇప్పుడు కీబోర్డు దగ్గర శృతి తీసుకుని పిల్లలు పాడతారు. అన్నీ సరిగ్గా ఉంటాయి. నాకే వినబుద్ధి కాదు.

పోయిన ఎండాకాలం పాత పియానో ఒకటి కొన్నాను. డీసీఎం వ్యానులో వచ్చింది, వీధివాళ్లంతా చూడటానికి వచ్చారు. అందరూ వెళ్లాక అమ్మ పాట ఒకటి మొదలుపెట్టాను, ఆమె పాత ఎత్తులోనే. ముందు కొంచెం వాయించి, ఆమె ఎత్తుకోవాల్సిన చోట ఆగాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

“గంత మీద నాతోని గాదు. కిందికి దించు.”

దించాను. ఇంకింత అంది. ఇంకా దించాను. ఆమె గొంతు అందుకునే చోటు దొరికాక పాడింది. గొంతు చిరుగులు పడి ఉంది, అయినా రాగం ఆమెదే. ఇన్నేళ్లు దేనికోసం నేర్చుకున్నానో అది జరుగుతోంది. అయినా నాకు ఆ పాత గొంతు కావాలి, ఇప్పుడే కావాలి అని లోపల ఒకటే గోల. రెండో చరణంలో ఆమె గొంతు వినపడటం మానేసింది. అలిసిపోయిందనుకుని చేతులు తీశాను.

అమ్మ భుజం మీద తట్టింది. “ఎందుకాపినవ్? నేను పాడుతనే ఉన్న గద.”

తల తిప్పి చూశాను. పెదవులు కదులుతున్నాయి. వాటిని చూస్తూ వాయించాను.