కొట్టేసిన ఎక్స్

1994లో నేను ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని. ఆదివారాల్లో మా కాలేజీయే దూరవిద్యకు స్టడీ సెంటర్. అంటే ఎం.ఎస్సీ. పాఠాల పుస్తకాలు పోస్టులో ఇంటికి వస్తాయి. అర్థంకాని చోట్లు అడగడానికి వారానికోసారి మా దగ్గరికి రావాలి. వాటిని కాంటాక్ట్ క్లాసులనేవాళ్ళం. వచ్చేవాళ్ళంతా బడిపంతుళ్ళే. ఉదయగిరి, వరికుంటపాడు, కలువాయి వైపు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చేవాళ్ళు. వారమంతా పాఠం చెప్పినవాళ్ళకు ఏడో రోజు పాఠం వినడం ఎంత కష్టమో వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసేది.

ఇంటి దగ్గర రాసి ఇచ్చే జవాబులను అసైన్‌మెంట్లంటారు. వాటిని దిద్దేది నేనే. అందులో కనీస మార్కులు రాకపోతే ఆ ఏడు పరీక్ష రాయనివ్వరు. నాకు కాపీ అంటే ఒళ్ళుమంట. పిల్లలు కొడితే పోనీలే అనుకుంటాను. పిల్లల కాపీలు పట్టుకునేవాళ్ళే కొడితే ఊరుకోలేను.

ఆ సంవత్సరం ఐదుగురి అసైన్‌మెంట్లలో ఒకే లెక్క ఒకేలా తప్పింది. సమీకరణానికి రెండువైపులా ఉన్న ఎక్స్‌ను కొట్టేసి ఒక జవాబు పోగొట్టుకున్నారు. ఎక్స్ విలువ సున్నా కూడా కావచ్చు. సున్నాతో భాగించకూడదు కాబట్టి, కొట్టేసే ముందు ఆ సంగతి విడిగా చూడాలి. లెక్క ఎం.ఎస్సీ.దే అయినా తప్పు పదో తరగతిది. ఐదింటిలోనూ అదే వరస, జవాబు కింద అవే రెండు గీతలు. ఇంకేముంది, ఐదుగురికీ సున్నా వేసి, పేర్లు నోటీసు బోర్డులో పెట్టించాను.

ఆదివారం పొద్దున్నే రూతమ్మ టీచర్ నా గదికి వచ్చారు. వరికుంటపాడు దగ్గర హైస్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు చెప్తున్న మనిషి. ఆమె రిజిస్ట్రేషన్‌కు అదే ఆఖరి ఏడు. ఈసారి పరీక్ష రాయకపోతే అప్పటిదాకా పాసైన పేపర్లన్నీ రద్దయిపోతాయి. అయినా ఆమె బతిమాలలేదు.

"పాస్టరు గారికి చెప్పి, ఆరాధన మానుకొని వస్తా ఉండాను సార్. కాపీ కొట్టేదానికా? అది నేను చేసిన లెక్క. తప్పయితే తప్పని వెయ్యండి, దొంగతనం అనబాకండి."

ఈ మాట అందరూ చెప్పేదే. కానీ ఆమె చెప్పిన తీరుకు నేను కాస్త తగ్గాను. ఒక ఉపాయం తోచింది. ఐదుగురినీ వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, అలాంటి లెక్కే అంకెలు మార్చి బోర్డు మీద చేయమన్నాను. ముగ్గురు సుద్దముక్క పట్టుకొని నిలబడిపోయారు. వాళ్ళలో ఒకాయన తనకు జ్వరమన్నాడు. రూతమ్మ టీచర్ మాత్రం చకచకా నాలుగు వరసలు రాసి, రెండువైపులా ఎక్స్‌ను కొట్టేసి, జవాబు కింద రెండు గీతలు గీశారు. నమ్మి చేసే తప్పును మనిషి ఎన్నిసార్లయినా అలాగే చేస్తాడు. ఆమెది అసలు, మిగతావి నకళ్ళు అని తేల్చుకొని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక మిగిలింది ఉదయగిరి నుంచి వచ్చే శీనయ్య. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన పంతులు. అతనూ చకచకా అదే తప్పు చేసి, కింద అవే రెండు గీతలు గీశాడు.

నా తెలివి అక్కడితో సరి. అందరినీ లోపలికి పిలిచి, ఎవరిది చూసి ఎవరు రాశారని గట్టిగా అడిగాను. ఆ ముగ్గురూ తలలు వంచుకొని, బస్సులో శీనయ్య కాగితాలు చూసి రాశామన్నారు. మరి నువ్వెవరిది చూశావని శీనయ్యను అడిగాను.

"ఎవురిదీ చూళ్ళేదు సార్. మాకు పదో తరగతిలో లెక్కలు చెప్పింది ఈ టీచరే. ఇట్టనే చెప్పినారు."

తప్పెక్కడుందో అప్పుడు బోర్డు మీద చూపించాను. ఎక్స్ ఉన్నచోట సున్నా పెట్టి చూపడమే, ఒక్క నిమిషం పని. మీది కాపీ కాదు కనుక సున్నా తీసేస్తున్నానని, తప్పుకు పోగా పరీక్ష రాయడానికి సరిపోయే మార్కులున్నాయని రూతమ్మ టీచర్‌కు చెప్పాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. శీనయ్య వైపు తిరిగారు.

"నువ్వు గూడా మీ బళ్ళో ఇట్టనే చెప్తా ఉండావా?"

"అవును టీచర్."

ఆమె బెంచీ మీద కూర్చుండిపోయారు. "నా మార్కుల సంగతి అట్టుంచండి సార్. ఇన్నేళ్ళలో నా దగ్గర చదివిపోయిన పిల్లకాయల్ని ఇప్పుడు నేనెక్కడని ఎతికేది?"

నాకు సిగ్గేసింది. దొంగను పట్టుకోవాలని పొద్దుటి నుంచీ తంటాలు పడ్డాను గాని, ఐదు కాగితాల్లో ఒక్కదాని మీద కూడా తప్పెక్కడుందో ఒక్క ముక్క రాయలేదు. సున్నా వేసి ఊరుకున్నాను.

శీనయ్య సున్నా కూడా తీసేసి, కాపీ కొట్టిన ముగ్గురివి అలాగే ఉంచాను. రూతమ్మ టీచర్ మర్నాడే తన పదో తరగతికి తప్పు ఒప్పుకొని లెక్క మళ్ళీ చెప్పారు. ఆ వారంలోనే సెలవు పెట్టి, శీనయ్య బడికీ వెళ్ళి చెప్పి వచ్చారట. ఆ ఏడు పరీక్షలో గట్టెక్కారు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, నేను దిద్దిన ప్రతి తప్పు పక్కనా కారణం రాశాను. కాపీ అని సున్నా వేసిన కాగితాల మీద కూడా రాశాను. వాళ్ళూ సోమవారం పొద్దున బడికి పోయి పాఠం చెప్పేవాళ్ళే.