భద్రతా నివేదికలో పోలమ్మ మాట

ఉద్యోగం మానేసిన రోజు జాలరిపేట వెళ్లి పోలమ్మను కలిసిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పీజీ కాగానే విశాఖలో ఒక ప్రభుత్వ పరిశోధన విభాగంలో కాంట్రాక్టు సహాయకురాలిగా చేరాను. వాతావరణ మార్పు వల్ల తీరంలో దేశ భద్రతకు ఏ ముప్పు రావచ్చో అధ్యయనం చేయడం మా పని. సముద్రపు కోత కొలతలు ఇంజనీర్లవి. తీరవాసులతో మాట్లాడి, వాళ్లన్నది ఇంగ్లీషులో రాసివ్వడం నాది. నలుగురిలో నోరు విప్పలేని నాకు వినే పని బాగానే కుదిరింది.

జాలరిపేటలో చేపలమ్మే పోలమ్మ ఇంటి వెనక గోడను కిందటి తుఫానుకే అలలు పట్టుకుపోయాయి. మిగిలిన ఇల్లు నిలవాలంటే రాళ్లకట్ట కావాలంది. కట్ట రాకపోతే ఏం చేస్తారని అడిగాను. ప్రశ్నావళిలో ఆ ప్రశ్న ఉంది.

"ఏటి సేత్తాం? బుట్టలట్టుకొచ్చి మీ ఆఫీసులో కూకుంటాం. ఏసీలో సేపలు కుళ్లిపోవు గదా," అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ నవ్వారని కూడా రాసిచ్చాను.

నేను రాసినదాన్ని పరిశోధనాధికారి కుదించి విభాగాధిపతికి పంపేవారు. ముసాయిదా తయారయ్యేసరికి అందులో నవ్వు లేదు. పోలమ్మ మాట 'అంతర్గత భద్రతకు ముప్పు' అనే అధ్యాయంలో చేరింది. నిర్వాసితులైన మత్స్యకారులు ప్రభుత్వ కార్యాలయాలను ఆక్రమించే అవకాశం ఉందట. సిఫార్సుల్లో రాళ్లకట్ట ఓడరేవు వైపుకే; జాలరిపేటకు పోలీసు ఔట్‌పోస్టు. కొట్టుకుపోయేది ఆమె ఇల్లు, ముప్పు మాత్రం ఆమె వల్లనట.

విభాగాధిపతి గదికి వెళ్లాను. అది వేళాకోళమని, ఆమె అడిగింది కట్ట ఒక్కటేనని చెప్పాను. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పాను. ఆయన విసుక్కోలేదు. భద్రతా నివేదికలో వేళాకోళానికి చోటుండదని, ఇళ్ల సంగతి మరో శాఖ చూసుకుంటుందని శాంతంగా అన్నారు. ఆ శాంతానికే నాకు ఒళ్లు మండింది. ఆ అధ్యాయంలో నా పేరు వద్దని రాసిచ్చి, రాజీనామా కూడా ఇచ్చాను. పేరు తీసేశారు. మాట ఉంచారు.

ముప్పు గురించి చేసే ఏ అధ్యయనమైనా ఆ ముప్పు ఎవరికో ముందు తేల్చుకోవాలి. లేకపోతే మునిగిపోయేవాళ్లే ముద్దాయిలవుతారు. ఆ కొలువులో నేను నేర్చుకున్నది ఇదే.

నివేదిక రహస్యం. కానీ పోలమ్మ మాట పోలమ్మది. దాని గతేమిటో ఆమెకు చెప్పడం తప్పనుకోలేదు; ఆ రోజే వెళ్లి చెప్పాను. ఆమె బుట్ట సర్దుకుంటూ అంతా వింది. ఈసారి పక్కనున్నవాళ్లెవరూ నవ్వలేదు.

"ఆ పొద్దు ఉత్తినే అన్నానమ్మా. ఇప్పుడు నిజంగానే వత్తాం. కుర్సీలెయ్యమను."